కల్లం మీద దిగిన దౌత్యం

ఈ ప్రయాణానికి నన్ను ప్రభుత్వం తీసుకెళ్ళింది. వచ్చేటప్పుడు ప్రభుత్వమే నన్ను మరిచిపోయి వచ్చేసింది. కనుక ఇందులో నా గొంతు ఎక్కడైనా కటువుగా వినిపిస్తే మీరు క్షమించనక్కర్లేదు, అర్థం చేసుకుంటే చాలు.

నాది విజయనగరం. కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. తొంభైల చివర్లో మన రాష్ట్రానికి కంప్యూటర్ల పిచ్చి పట్టిన రోజులు గుర్తున్నాయి కదా? ఏ పేపరు తెరిచినా కోటు వేసుకున్న తెల్లవాడొకడు మన మంత్రితో చేతులు కలుపుతూ కనిపించేవాడు. ఆ రోజుల్లోనే ఒక పెద్ద విదేశీ కంప్యూటర్ కంపెనీ వాళ్ళు గుంటూరు, ప్రకాశం జిల్లాలు చూడ్డానికి వస్తున్నారనీ, పల్లెటూళ్ళో వాళ్ళకి మాట అటూ ఇటూ చేరవేసే మనిషి కావాలనీ మా ప్రిన్సిపాలుకు హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. ఆయన నా పేరు చెప్పాడు. నాకు నోరెక్కువని ఆయనకు తెలుసు. ఆ సంగతి మాత్రం వాళ్ళకు చెప్పలేదు.

మంగళగిరి

కంపెనీ బృందానికి పెద్ద ఒకాయన. పేరు ఎందుకులెండి, పెద్దాయన అనుకుందాం. ఎర్రగా పొడుగ్గా ఉంటాడు, మంచినీళ్ళిచ్చినా రెండుసార్లు థాంక్యూ చెబుతాడు. ఆయన్ని చూసుకోవడానికి మన వైపు నుంచి భాస్కరం గారనే అధికారి. పరాయి దేశపు రాయబారి వస్తే చేసే మర్యాదలన్నీ ఈయనకూ చెయ్యాలని భాస్కరం గారికి పైనుంచి ఉత్తర్వు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, శాలువా ఎవరు కప్పాలి, ఏ కారు ముందుండాలి అని ఆయన దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాడు.

అతిథి గృహంలో బల్ల మీద మన జెండా పక్కన కంపెనీ గుర్తుతో ఇంకో చిన్న జెండా పెట్టారు. మంగళగిరి దర్జీ ఎవరో పాపం హడావుడిగా కుట్టాడు, గుర్తు తలకిందులైంది. పెద్దాయన చూసి, నవ్వి, థాంక్యూ అన్నాడు. భాస్కరం గారికి ముచ్చెమటలు పోశాయి.

"ఇదంతా ఎందుకండీ, వచ్చింది వ్యాపారానికే కదా?" అని అడిగాను.

"మేడమ్, రాయబారి వచ్చి వెళ్తే ఫోటో మిగులుతుంది. కంపెనీ వస్తే ఉద్యోగాలు మిగులుతాయి. పోయినసారి మావాళ్ళు వాళ్ళ దేశం వెళ్ళి, వాళ్ళ ఆఫీసు వరండాలో కూర్చున్నారు, మంత్రిగారితో సహా. వాళ్ళు టిఫిన్ చేసే టైములో లోపలికి పిలిచి మాట్లాడారు. అప్పటికే పక్క రాష్ట్రం వాళ్ళు వచ్చి వెళ్ళారట. నేను అడుక్కోకపోతే ఇంకొకడు అడుక్కుంటాడు."

ఆ మాట ఆయన సిగ్గుపడుతూ అనలేదు, గర్వంగానూ అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

సాయంత్రం కొండెక్కించారు. మా సింహాచలంలో అప్పన్న ఏడాది పొడుగునా చందనం కింద ముఖం దాచుకుంటాడు. ఇక్కడి నరసింహుడికి ఆ మొహమాటం లేదు. నోట్లో పానకం పోస్తుంటే గుటగుటమని తాగుతాడు, సగానికి ఆపేస్తాడు, మిగతా సగం భక్తులకే. "సగమే ఎందుకు?" అని పెద్దాయన అడిగాడు. "మా దేవుడు భాగస్వామ్యాన్ని నమ్ముతాడు" అని భాస్కరం గారు తడుముకోకుండా ఇంగ్లీషులో జవాబిచ్చాడు.

ఆ భాగస్వామ్యం ఎలాంటిదో కిందికి దిగాక తెలిసింది. పేపర్లకు పంపే ప్రకటనను నన్ను తెలుగు చెయ్యమన్నారు. భూమి మనది, కరెంటు మనది, నీళ్ళు మనవి, పన్నులు వదులుకునేది మనం. కంపెనీ వైపు నుంచి ఒక్క ముక్క: అవకాశాలను పరిశీలిస్తాం. నేను అలాగే రాశాను. భాస్కరం గారు దాన్ని కొట్టేసి "కంపెనీ వస్తోంది" అని దిద్దాడు. అలా లేదండీ అంటే, "తెలుగులో అలా ఉంటేనే బాగుంటుంది మేడమ్" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. నా పేరు దాని కింద పెట్టవద్దని మాత్రం చెప్పి వచ్చి పడుకున్నాను.

గుంటూరు

పొద్దున్న హోటల్లో ఇడ్లీ తిన్నాం. ప్లేటు ఆరు రూపాయలు. ఇడ్లీ మీద కారప్పొడి పోసి, మధ్యలో గుంట చేసి నెయ్యి వేశారు. మా వైపు ఆవ పెట్టిన కూర తిని అబ్బో ఘాటు అనుకుంటాం, ఇది వేరే లోకం. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే గల్లా దగ్గర కూర్చున్న ఓనరు అక్కణ్ణుంచే అరిచాడు.

"ఏమ్మా, అప్పుడేనా? గుంటూరొచ్చి కారానికి భయపడితే ఎట్టా? ఒరేయ్, అమ్మగారికి ఇంకొంచెం నెయ్యెయ్‌రా!"

తిడుతున్నాడేమో అనుకున్నాను. కాదు, ఆదరించడం. ఇక్కడ ప్రేమైనా కోపమైనా ఒకటే గొంతు. రెండో ఇడ్లీకి నాకూ అలవాటైంది.

మిర్చి యార్డులో అడుగు పెట్టగానే మా బృందమంతా తుమ్ములు. ఎటు చూసినా ఎర్రటి బస్తాలే. అక్కడ బేరం నోటితో చెయ్యరు. అమ్మించే వ్యాపారి, కొనేవాడు చేతులు కలిపి, మీద తువ్వాలు కప్పుకుంటారు. కింద వేళ్ళు నొక్కుకుంటూ ధర తేల్చుకుంటారు. పంట పండించిన రైతు పక్కనే నిలబడి ఆ తువ్వాలు వంక చూస్తుంటాడు. పెద్దాయన గబగబా ఫోటోలు తీసుకున్నాడు.

"ఇదే మారుస్తాం సార్. ఊరూరా కంప్యూటర్ ఉంటే ధర బహిరంగం, చాటుమాటు ఉండదు" అన్నాడు భాస్కరం గారు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. నేను కంప్యూటర్లకు శత్రువును కాను. అయితే కంపెనీకి ఇచ్చే భూమి ఎక్కడ, ఎంత అని మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాను. "అది రహస్యం మేడమ్, సంతకాలయ్యేదాకా బయటపెట్టకూడదు" అన్నాడు. నేను గోంగూర కలుపుకున్నాను.

పర్చూరు

పెద్దాయన చర్చల కోసం గుంటూరులో ఆగిపోయాడు. ఆయన మంత్రిగారితో కలిసి హెలికాప్టర్లో ఒక పల్లెటూళ్ళో దిగుతాడనీ, నేను ముందుగా వెళ్ళి అక్కడి రైతులను తయారుచెయ్యాలనీ చెప్పి నన్ను ఎమ్మార్వో గారి జీపెక్కించారు. దారంతా నల్లరేగడి. ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప, పర్చూరు దగ్గరపడేసరికి పొగాకు కాల్చే బేరన్ల వాసన.

మెస్సులో భోజనం ఇరవై రూపాయలు. వడ్డించే ఆవిడ అడగకుండానే మళ్ళీ మళ్ళీ అన్నం వేసింది. చాలమ్మా అంటే, "ఆ మాత్రం తినకపోతే రేపు పనెట్టా చేస్తావు?" అని కసిరింది. మా వైపు అతిథిని బతిమాలి తినిపిస్తారు, ఇక్కడ దబాయించి తినిపిస్తారు. నాకు దబాయింపే బాగుంది.

ఊరు

ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు ఇంకా అక్కడే బతకాలి. ఊరి చివర ఉమ్మడి కల్లం ఉంది. సొంత కల్లాలు లేని చిన్నా చితకా రైతులు, కౌలుదార్లు మిరపకాయ ఎండబోసుకునేది అక్కడే. నేను వెళ్ళేసరికి అందరి కాయా ఎత్తేశారు, ఒక్కరిది మిగిలింది. ఆమె పేరు సువార్తమ్మ. అప్పుడే రెవెన్యూ వాళ్ళు ఆమె చుట్టూ మూగి, హెలికాప్టరు దిగేది ఇక్కడే, ఖాళీ చెయ్యమని తొందరపెడుతున్నారు.

"రాత్రిళ్ళు మీరే కుప్ప చేసి పట్టా కప్పుతారు కదమ్మా? ఒక్క పగలు కప్పితే ఏమైపోద్ది?" అంటున్నాడు ఎమ్మార్వో.

"రాత్రి మంచు పడతదని కప్పుతామండి. పగలు ఎండలో కప్పితే లోపల ఉడుకుద్దండి. ఇంకా తడారలేదు, చూడండి" అని ఒక కాయ తీసి ఆయన చెవి దగ్గర ఆడించింది. బాగా ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. అది గలగలమనలేదు.

రోడ్డు మీద పోసుకుంటానంది. కార్లు వస్తాయన్నారు. చర్చి ముందు పోసుకుంటానంది. అక్కడ టెంటు వేస్తున్నారన్నారు. పెద్దరైతుల సొంత కల్లాల్లో వాళ్ళ పంటే నిండుగా ఉంది. "రేపు మధ్యాహ్నానికి వచ్చి వెళ్ళిపోతారు, ఆ తర్వాత నీ ఇష్టం" అని ఎమ్మార్వో మాటిచ్చాడు. కూలివాళ్ళను పెట్టి ఆమె కాయంతా కల్లం పక్కన కుప్ప చేసి, నీలంరంగు పట్టా కప్పేశారు. కల్లాన్ని పేడతో నున్నగా అలికి, సున్నంతో గుండ్రంగా గీసి, మధ్యలో హెచ్ అని ఇంగ్లీషు అక్షరం రాశారు.

నాకు బస ఆమె ఇంట్లోనే ఇచ్చారు, ఎందుకంటే పెద్దాయనతో మాట్లాడాల్సిన మహిళా రైతు ఆమే. భర్త లేడు. పుట్టిన దగ్గర్నుంచి ఇంకొకళ్ళ చేలో కాయ కోసిన మనిషి, ఆ ఏడే మొదటిసారి ధైర్యం చేసి ఒక చెక్క పొలం కౌలుకు తీసుకుంది.

"ప్రతి ఏడూ చర్చిలో కోత పండగకి ఎవరి చేలోదో కాయ అడుక్కుని గంపలో పెట్టేదాన్నమ్మా. ఈ ఏడు నాది పెడతా" అంది. ఆ కాయ అమ్ముడుపోతేనే భూమి మళ్ళీ ఇస్తానని ఆసామి చెప్పాడట. లేకపోతే మళ్ళీ కూలే. వంకాయ పచ్చడి నూరి పెట్టింది, మధ్యలో లేచి మూడుసార్లు కుప్ప దగ్గరికి వెళ్ళొచ్చింది.

నేను ఆమెకు నేర్పాల్సిన వాక్యం కాగితం మీద రాసిచ్చారు: కంప్యూటర్ వస్తే గుంటూరు ధర నాకు ఊళ్ళోనే తెలుస్తుంది. ఒకసారి చదివి వినిపించాను. బాగానే ఉందమ్మా అంది.

ఎదురుచూపు

మర్నాడు మధ్యాహ్నం దాటింది, ఎవరూ రాలేదు. గుంటూరులో చర్చలు ఏదో రాయితీ దగ్గర ఆగాయట, రేపు వస్తారట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అనలేదు. ఎండ భగభగమంటోంది. సువార్తమ్మ పట్టా కిందికి చెయ్యి పోనిచ్చి, చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఆవిరొస్తందమ్మా. చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాను. వేడన్నం గిన్నెలో చెయ్యి పెట్టినట్టుంది.

కల్లానికి కాపలా ఉన్న కానిస్టేబులు మంచివాడు. ఆమె పట్టా అంచు కాస్త ఎత్తి గాలి తగలనిస్తుంటే అటు తిరిగి నిలబడ్డాడు. ఎమ్మార్వో చూసి ఇద్దర్నీ కలిపి తిట్టాడు. నేను ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి, గుంటూరులో భాస్కరం గారిని పట్టుకున్నాను.

"ఒక్క పూట ఆ కల్లం వదలండి. ఆమె పంటంతా పోతోంది. చర్చలు తేలలేదంటున్నారు కదా!"

"ఏ క్షణాన తేలుతుందో తెలీదు మేడమ్. తేలగానే బయలుదేరతాం. గ్రౌండ్ సెక్యూరిటీ వాళ్ళ చేతిలో ఉంది, నా చేతిలో లేదు."

"నష్టపరిహారం ఇప్పించండి పోనీ."

"ఆవిడ కౌలుదారు కదా? రికార్డులో ఆవిడ పేరుండదు. ఎవరికిస్తాం?"

ఫోను పెట్టేశాను. కాల్ పదకొండు రూపాయలైంది. ఇంత చల్లగా ఒక మనిషిని లేదనేయడం నేనెక్కడా వినలేదు.

తిరిగి వచ్చి జరిగింది చెప్పాను. సువార్తమ్మ బిందె అందుకుంది. పట్టా మీద తడిపిన గోనెలు పరిస్తే కొంచెం చల్లబడతదేమో అని, బోరింగు నుంచి నీళ్ళు మొయ్యడం మొదలుపెట్టింది. నేనూ బిందె పట్టుకున్నాను.

హెలికాప్టరు

మూడోనాడు పొద్దున్న వచ్చింది. శబ్దం వినగానే ఊరివాళ్ళు కొంగులూ తువ్వాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఎందుకో నాకు అర్థమయ్యేలోపే అది కిందికి దిగింది.

ఏళ్ళ తరబడి మిరపకాయ ఎండిన నేల అది. కాయ ఎత్తేసినా పొడి ఎక్కడికి పోతుంది? మీద అలికిన పేడ ఒకరోజు ఎక్కువ ఎండి పెచ్చులు కట్టింది. ఆ రెక్కల గాలికి పెచ్చులన్నీ లేచిపోయి, కింద నుంచి ఎర్రటి దుమ్ము మేఘంలా పైకొచ్చింది. పట్టా చిరిగి ఎగిరిపోయింది. సువార్తమ్మ కాయ గాల్లోకి లేచి, కాలవలోనూ టెంటు మీదా మంత్రిగారి దండల మీదా పడింది. మంత్రిగారు, పెద్దాయన, భాస్కరం గారు ముగ్గురూ దగ్గుతూ, తుమ్ముతూ, కళ్ళు నులుముకుంటూ దిగారు. స్వాగతం పాడాల్సిన పిల్లలు పాడలేక కూర్చుండిపోయారు. ముందే ఎవరూ చెప్పలేదా అని నన్నడక్కండి. ఊళ్ళో ఎవర్నీ ఎవరూ అడగలేదు.

అయినా కార్యక్రమం ఆగలేదు. పెద్దాయన రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటూ సువార్తమ్మ ఎదుట నిలబడి, కంప్యూటర్ వల్ల మీకు ఏం కావాలి అని అడిగాడు. ఆమె నేర్పిన వాక్యం చెప్పలేదు.

"అయ్యా, నా కాయ ఉడికిపోయింది. మీరొస్తారని రెండ్రోజులు కుప్ప పోయించారు. ఇప్పుడు చెల్లాచెదరైపోయింది. ఇది పోతే నాకు కౌలు పోద్ది. దీనికెవరు జవాబు చెబుతారో చెప్పండి."

భాస్కరం గారు నా మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన భాస్కరం గారి వైపు తిరిగాడు. "పంట కోత తర్వాత వచ్చే సమస్యలు సార్" అన్నాడు ఈయన. పెద్దాయన ముఖం వెలిగింది. సరిగ్గా ఇలాంటి వాటికే మా దగ్గర మార్గం ఉంది, నిల్వలో వేడి పెరిగితే కంప్యూటర్ ముందే హెచ్చరిస్తుంది, మిగతాది మీ ప్రభుత్వం తప్పక చూసుకుంటుంది అన్నాడు. థాంక్యూ కూడా చెప్పాడు.

"ఏమన్నాడమ్మా?" అంది సువార్తమ్మ.

"కాయ ఉడికితే మీకు కంప్యూటర్ చెబుతుందట."

ఆమె నా ముఖంలోకి చూసింది, నేను ఎగతాళి చేస్తున్నానేమోనని. కాదని అర్థమయ్యాక తల తిప్పేసుకుంది. ఈలోగా ఫోటోలు తీశారు.

హెలికాప్టరు లేచినప్పుడు మిగిలిన కాయ కూడా చెదిరిపోయింది. కార్ల వరస దుమ్ము రేపుకుంటూ వెళ్ళింది, ఎమ్మార్వో జీపుతో సహా. బయలుదేరడానికి ముందే పెట్టుకున్న నా సంచి ఒక కార్లో, నేను ఊళ్ళో. అనువాదకురాలితో పని అయిపోయింది కదా మరి.

తాలు

కల్లం ఇప్పుడు ఖాళీ. సువార్తమ్మ, నేను, ఇంకొందరు ఆడవాళ్ళు చేతికందిన కాయ ఏరుకొచ్చి పోశాం. కుప్ప పైన ఉండిన కాయ ఎర్రగానే ఉంది. అడుగున ఉండినదంతా తెల్లబారి, కొంత నల్లటి బూజు పట్టింది. రంగు పోయిన కాయను అక్కడ తాలు అంటారు. తాలుకు యార్డులో పెద్ద విలువ లేదు, బూజు పట్టినదాన్ని తాలు కింద కూడా చూడరు. ఎర్రకాయ ఒక పక్క, తాలు ఒక పక్క వేరు చేస్తూ కూర్చున్నాం. నా చేతులు భగ్గున మండిపోయాయి, ఎవరో కొబ్బరినూనె తెచ్చి రాశారు. తాలు కుప్పే పెరుగుతూ పోయింది. సువార్తమ్మ కూర్చున్నచోటే ఏడ్చింది, దాచుకోకుండా, గట్టిగా. నేను ఆమె పక్కనే కూర్చుని కాయ వేరు చేస్తూనే ఉన్నాను.

పొద్దు వాలుతుంటే భూమి ఆసామి వచ్చి రెండు కుప్పలూ చూశాడు. ఒక కాయ చిదిమి వాసన చూశాడు. చెడ్డవాడేం కాదు, గొంతు తగ్గించే మాట్లాడాడు.

"వచ్చే ఏడు చూద్దాంలే సువార్తమ్మా. వేరేవాళ్ళు అడుగుతున్నారు."

తిరుగు దారి

తెల్లారి పర్చూరు బస్సు కోసం నిలబడ్డాను. టీ కొట్టులో పేపరు చూస్తే మొదటి పేజీలోనే ఫోటో. కళ్ళు తుడుచుకుంటున్న పెద్దాయన, పక్కన చెంపలు తడిసిన సువార్తమ్మ. పల్లె ఆదరణకు చలించి విదేశీ అతిథి ఆనందబాష్పాలు రాల్చాడనీ, కంపెనీ వస్తోందనీ రాశారు. లోపలి పేజీలో ఒక మూల రెండు ముక్కలు: బృందం అట్నుంచి అటే పక్క రాష్ట్రానికి వెళ్ళింది, అక్కడి ప్రభుత్వంతోనూ మాట్లాడుతుంది. పేపరు రెండు రూపాయలు. దండగ.

సువార్తమ్మ అటుగా వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుంది, చేతిలో అన్నం క్యారేజీ ఉంది.

"యాడికి?" అన్నాను, మూడు రోజుల్లో ఆమె మాట నాకంటుకుంది.

"కాయ కోతకమ్మా. పెద్దరైతు చేలో. ఆయన కల్లం ఆయనది గదా, దాన్నెవరూ ఖాళీ చెయ్యమనరు." పేపరు వంక చూసింది. "ఏం రాశారు? మళ్ళీ వస్తారా?"

"ఇప్పుడు పక్క రాష్ట్రంలో ఉన్నారట. అక్కడివాళ్ళు ఏమిస్తారో చూస్తారట."

ఆమె క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"అయితే అక్కడ ఇయ్యాల ఎవరి కాయో కుప్ప పోయిస్తుంటారు" అని, పొద్దెక్కుతోందంటూ చేలోకి దిగి వెళ్ళిపోయింది.